కవరు విప్పకముందు

పందొమ్మిదేళ్ళుగా ఆ పరిశోధనశాలలో డాక్టర్లు మారారు, యంత్రాలు మారాయి, గోడల రంగులు మారాయి. టెక్నీషియన్ మాత్రం ఆవిడే. చిన్నా పెద్దా అందరూ ఆవిడని పిన్ని అంటారు. ఆవిడకన్నా ఆరేళ్ళు పెద్దదైన డాక్టరమ్మ కూడా పిన్నీ అనే పిలుస్తుంది. చుక్క ద్రవం కొలవాలంటే పిన్ని కావాలి. యంత్రం అలిగితే బుజ్జగించడానికి పిన్ని కావాలి. ఎవరి పొరపాటునైనా పట్టుకునేదీ పిన్నే, పట్టుకున్నాక దాన్ని నెల్లాళ్ళపాటు కనబడ్డవాళ్ళందరికీ చెప్పేదీ పిన్నే. తన పనిలో ఒక్క తప్పు కూడా లేదని ఆవిడకి కొంచెం గర్వం. కొంచెం అంటే మర్యాదకి అంటున్నాను.

అలాంటి మనిషికి గురువారం సాయంత్రం కాగితం మీద ఒక గీత నచ్చలేదు.

ఆ పరిశోధనశాలలో పని పార్కిన్సన్స్ జబ్బు మీద. చెయ్యి వణకడం మొదలయ్యేసరికే మెదడులో చాలా నష్టం జరిగిపోయి ఉంటుంది. అంతకన్నా ముందే జబ్బుని పట్టుకోవాలి. మందు ఇస్తే అది పనిచేస్తోందో లేదో కొలవాలి. కొలిచే గుర్తు ఏదీ లేకుండా మందులు ప్రయత్నించడం గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంటుంది. అందుకని డాక్టరమ్మ మనుషుల వెన్నునీటిలో, అంటే నడుములో సూది గుచ్చి వెన్నులోంచి తీసిన నీటిలో, ఆ గుర్తుని వెతుకుతోంది. ప్లాస్టిక్ ప్లేటులో తొంభై ఆరు చిన్న గుంటలుంటాయి. ఒక్కో గుంటలో మంచి ప్రోటీన్ పోసి, అందులో ఒక చుక్క వెన్నునీరు కలుపుతారు. ఆ చుక్కలో చెడిపోయిన ప్రోటీన్ ఉంటే, క్లాసులో ఒక్క తుంటరి మిగతావాళ్ళని చెడగొట్టినట్టు, మంచిదాన్ని కూడా తన దారిలోకి లాగేస్తుంది. అప్పుడా గుంట వెలుగుతుంది. ఆ వెలుగు ఎలా పెరిగిందో యంత్రం నాలుగు రోజులపాటు చూసి గీతలు గీస్తుంది.

ఈ పనికి డబ్బిచ్చేది జబ్బుపడ్డవాళ్ళ కుటుంబాలు కలిసి పెట్టుకున్న ఒక నిధి సంస్థ. మూడు వందల మందిని ఏటేటా పరీక్షిస్తూ రావడానికి ఇంకో అయిదేళ్ళు డబ్బివ్వాలా వద్దా అన్నది ఆ శుక్రవారం పదకొండు గంటలకి తేలుతుంది. వాళ్ళు పెట్టిన పరీక్ష ఇది. ఆ మూడు వందల మందిలో ముప్ఫై తొమ్మిది మంది వెన్నునీటిని పేర్లు తీసేసి, అంకెలు వేసి ఇచ్చారు. ఎవరికి జబ్బుందో ఎవరికి లేదో ల్యాబు చెప్పాలి. నాలుగు తప్పుల వరకు క్షమిస్తారు, అయిదైతే అంతే సంగతులు. అసలు జవాబులు లక్కముద్ర వేసిన కవర్లో ఉంటాయి. ఆ కవరు తెచ్చే పెద్దమనిషి ఒకప్పుడు పరీక్షల శాఖలో పనిచేశాడు. భార్య పదకొండేళ్ళు ఈ జబ్బుతో బాధపడి పోయాక నిధి పనిలో చేరాడు. ల్యాబులో ఆయన పేరు కవరాయన. కవరు విప్పాక ఎవరు ఏం చెప్పినా ఆయన చెవికెక్కదు.

గురువారం సాయంత్రం జవాబుల కాగితం మడిచి, సంతకాలు పెట్టి, డాక్టరమ్మ బీరువాలో పెట్టి తాళం వేశారు. ఇంటికి బయల్దేరబోతూ పిన్ని గీతల కాగితాలు ఇంకోసారి తిరగేసింది. ఒకటో నంబరు మనిషివి రెండు గీతలు ఉన్నాయి. రెండూ తిన్నగా, చదునుగా, స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఆ గీతల పక్కనే జబ్బు లేదు అని కంప్యూటరు రాసింది. జబ్బు లేనివాళ్ళ గీతలు పిన్ని వేలకొద్దీ చూసింది. అవి లేవవు కానీ, అక్కడక్కడ కాస్త కదులుతాయి. బతికున్న మనిషి ఒంట్లోంచి వచ్చిన నీళ్ళు కదా మరి. ఇవి మాత్రం బొత్తిగా కదల్లేదు. ఎవరో మహా నిబ్బరమైన మనిషై ఉంటాడులే అనుకుని లైటార్పేసింది. ఆ గీత మాత్రం బస్సులోనూ వదల్లేదు, భోజనం దగ్గరా వదల్లేదు, జోరీగలా చెవిలో రొద పెడుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్న వంటింట్లో మామయ్య బల్ల దగ్గర కూర్చుని రొట్టెముక్క పాలలో ముంచుకుంటున్నాడు. మామయ్య అంటే పిన్నికి తల్లి తమ్ముడు. ముప్ఫై రెండేళ్ళు బస్సు నడిపాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే, రోజుకి నాలుగు వందల మందిని మోశాను, ఇంకా ఒకరిని ఎక్కడ ఎక్కించుకోను అంటాడు. ఏడేళ్ళ కిందట కుడిచెయ్యి వణకడం మొదలైంది. అప్పట్నించీ పిన్ని దగ్గరే ఉంటున్నాడు. ఆ మూడు వందల మందిలో ఆయనా ఒకడు. ఏడాదికోసారి నడుములో సూది గుచ్చించుకోవాలి. దానికి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు సణుగుతాడు.

"ఇవాళే కదా మీ పరీక్ష?" అన్నాడు.

"ఇవాళే."

"ఆ ముప్ఫై తొమ్మిదిలో నేనున్నానా?"

"నాకెలా తెలుస్తుంది మామయ్యా. పేర్లుండవు."

"ఉంటే చూసీ చూడనట్టు పాస్ చేసెయ్. నా నీళ్ళు ఏడేళ్ళుగా మీ ఫ్రీజర్లో కూర్చున్నాయి. నాకు లేని స్థిరత్వం వాటికైనా ఉంటుంది."

పిన్ని నవ్వలేదు. ఆయన కాళ్ళవైపు చూసింది. అడుగు పూర్తిగా లేవక ఈడ్చి నడవడంతో చెప్పులు ముందువైపు అరిగి కాగితాలయిపోయాయి. ఆరు నెలలుగా కొత్తవి కొందామంటోంది.

"ఈ ఆదివారమైనా చెప్పులు కొనుక్కుందాం, పద."

"ఎందుకే? నేనున్నన్నాళ్ళకి ఇవి చాలు."

ఈ మాట ఆయన చెప్పులకే కాదు, కళ్ళజోడుకీ అంటాడు, దుప్పటికీ అంటాడు. పిన్నికి ఒళ్ళు మండుతుంది. మండినప్పుడు ఆవిడ మాట్లాడదు, పని చేస్తుంది. మందుల పెట్టె ముందుకి లాగి, సోమవారం నుంచి ఆదివారం దాకా వరసగా ఉన్న ఏడు గడుల్లో శుక్రవారం మూత తెరిచింది. ఖాళీగా ఉంది.

"అప్పుడే వేసేసుకున్నావా?"

"ఇంకా లేదు. ఇటివ్వు." ఆయన పెట్టెని అటుది ఇటు తిప్పి, ఎడమ చివరనుంచి అయిదో మూత తీశాడు. దాని మీద బుధవారం అని ఉంది. అందులో మాత్రలు నిండుగా ఉన్నాయి.

"అదేంటి, బుధవారానివి తీస్తున్నావు?"

"అక్షరాలు ఎవడు చదువుతాడే, చీమ తలకాయలంత ఉన్నాయి. పాత పెట్టెకి తగిలించే కొక్కెం ఎడమ పక్కనుండేది. అది ఎడమ పక్కన పెట్టుకుని లెక్కపెట్టుకోవడం అలవాటు. నువ్వు కొత్త పెట్టె తెచ్చావు, కొక్కెం ఎడమ పక్కన పెట్టుకుంటున్నాను. తప్పేముంది?"

పిన్ని పెట్టె చేతిలోకి తీసుకుంది. కొత్త పెట్టెకి కొక్కెం కుడి చివర ఉంది. ఆయన వారమంతా వెనకనుంచి ముందుకి తింటున్నాడు.

"నీకు పరవాలేదు మామయ్యా, నీ గడులన్నిట్లోనూ ఒకటే మాత్రలు..." అని సగంలో ఆగిపోయింది.

ల్యాబులో ఆవిడ ప్లేటు గడుల్లో ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి ఉన్నాడు. నెల కిందట కొత్త కంపెనీ ప్లేట్లు వచ్చాయి. పాత ప్లేట్లకి ఎడమ పక్క పై మూల కొంచెం కోసి ఉండేది. పందొమ్మిదేళ్ళుగా ఆ కోసిన మూలని ఎడమ చెయ్యి బొటనవేలి కింద పెట్టుకునే పిన్ని ప్లేటు నింపుతుంది. అక్షరాలు చదవాల్సిన అవసరం ఆవిడకి ఎప్పుడూ రాలేదు. కొత్త ప్లేట్లకి మూల ఎక్కడ కోశారు? గుర్తు తెచ్చుకోవడానికి కళ్ళు మూసుకుంది, గుర్తు రాలేదు. బొటనవేలికి కోసిన మూల తగలడం మాత్రం బాగా గుర్తుంది. యంత్రంలో పెట్టేటప్పుడు మూల చూడరు, పక్కన అంటించిన బార్‌కోడు చూసి పెడతారు. కోసిన మూల కుడి పక్క కిందికి మారి, బార్‌కోడు చోటు మారకపోతే, ప్లేటు తిరగబడ్డట్టే. ఆవిడ ఒకటో గుంట అనుకున్నది యంత్రానికి తొంభై ఆరోది.

అప్పుడు ఆ చదును గీత ఏమిటో ఆవిడకి తెలిసిపోయింది. ప్లేటు రెండు అంచుల్లోనూ ఎనిమిదేసి గుంటల్లో ముందే జవాబు తెలిసిన నమూనాలు. మిగతా ఎనభైలో ముప్ఫై తొమ్మిది మందికి ఒక్కొక్కరికి రెండేసి గుంటలు. నమూనాల వరస అయిపోయాక రెండు గుంటలు మిగుల్తాయి. వాటిని ఖాళీగా వదలడం పిన్నికి ఇష్టం ఉండదు, ఉత్త నీళ్ళు పోస్తుంది. ల్యాబులో అందరూ వాటిని పిన్ని దిష్టిచుక్కలు అని ఏడిపిస్తారు. వాటిని లెక్కలోకి తీసుకోవద్దని కంప్యూటరుకి ముందే చెప్పి ఉంటుంది. ప్లేటు తిరగబడితే ఆ నీళ్ళు సరిగ్గా ఒకటో నంబరు మనిషి చోటికి వస్తాయి. ఆ మహా నిబ్బరమైన మనిషి ఉత్త నీళ్ళు.

"ఏమైందే? మొహం అలా పాలిపోయింది?" అన్నాడు మామయ్య.

"మాత్రలు వేసుకో. నేను తొందరగా వెళ్ళాలి."

బస్సులో కూర్చున్నాక ఆవిడ వేళ్ళ మీద లెక్క వేసుకుంది. ముప్ఫై తొమ్మిది మందీ తలకిందులై, ఒకరి జవాబు ఇంకొకరి పేరున ఉంది. పదకొండింటికి కవరు విప్పుతారు, సగం తప్పులొస్తాయి, ఈ పరీక్ష దండగ అని రాసుకుని కవరాయన వెళ్ళిపోతాడు. డబ్బు ఆగిపోతుంది. ఫ్రీజర్లోని ఏడేళ్ళ నీళ్ళు ఎవరికీ అక్కర్లేనివైపోతాయి. ఆ నీళ్ళ కోసం మూడు వందల మంది ఏటా నడుములో సూది గుచ్చించుకున్నారు.

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, రాలేదంటే అబద్ధం. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ప్లేటుని చెత్తలో వేసేస్తే చాలు, తప్పు పరీక్షదవుతుంది, పిన్నిది కాదు. పందొమ్మిదేళ్ళ పేరు పేరులాగే ఉంటుంది. రెండు స్టాపుల దూరం ఆ ఆలోచన ఆవిడ పక్కనే కూర్చుంది. మూడో స్టాపులో దిగేటప్పుడు ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు, కాలకముందే చెప్పాలి అనుకుంటూ మెట్లెక్కింది.

డాక్టరమ్మ తొమ్మిదిన్నరకే వచ్చి, బల్ల మీది ధూళి మూడోసారి తుడుస్తోంది. పిన్ని తలుపు వేసి, నిలబడే అంతా చెప్పింది.

డాక్టరమ్మ గుడ్డ కింద పెట్టింది. "తెలిసిన నమూనాలు చివర్లలో పెట్టాం కదా పిన్నీ. ప్లేటు తిరగబడితే అవి తప్పు చూపించాలి కదా?"

"ఎటు తిప్పినా ఒకేలా వచ్చేట్టు గీశారు కదా మేడమ్. రెండు అంచుల్లోనూ సమానంగా ఉండాలని."

ఏ గుంటలో ఏది పోయాలో తను గీసిన బొమ్మని డాక్టరమ్మ తీసి చూసుకుంది. అందంగా ఉంది. పొందిక చూసుకుని మురిసిపోయింది ఆ రోజు. ఆ పొందికే ఇప్పుడు కొంప ముంచింది.

"మనం సరిచేసి ఇస్తే ఆయన ఏమనుకుంటాడు?" అంది మెల్లిగా. "జవాబులు ఎలాగో తెలుసుకుని మార్చారనుకుంటాడు."

"అనుకోవచ్చు."

"చెప్పకపోతే?"

"చెప్పకపోతే ఓడిపోతాం. చెప్తే నమ్ముతాడో లేదో తెలీదు. తప్పు నాది మేడమ్, నేనే చెప్తాను. మీరు పక్కన కూర్చోండి చాలు."

డాక్టరమ్మ ఆ బొమ్మని మడిచి బల్ల మీద పెట్టింది. తర్వాత, "బొమ్మ నాది. పక్కన కూర్చోవడం కాదు, కలిసి చెప్దాం. ప్లేటు ముట్టుకున్నారా?" అంది.

"లేదు. యంత్రంలోనే ఉంది. ఆయన ముందే తీద్దాం."

కవరాయన పదిన్నరకి వచ్చాడు. చంకలో నల్ల సంచీ, అందులో కవరు. టీ ఇస్తే వద్దన్నాడు. పిన్ని మొత్తం చెప్తుంటే నేల చూస్తూ విన్నాడు. మధ్యలో ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. అడిగితే బాగుండునని పిన్నికి అనిపించింది. చెప్పడం అయిపోయాక ఆయన సంచీని ఒళ్ళోకి లాక్కుని రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు.

"పరీక్షల శాఖలో నాకు ఇలాంటి కథలు చాలామంది చెప్పారమ్మా," అన్నాడు. "అన్నీ బాగానే ఉండేవి."

"కథ నమ్మక్కర్లేదు సార్. ప్లేటు చూడండి. ప్రోటీన్ పోసిన గుంటలన్నిట్లోనూ లేత పసుపు రంగు ఉంటుంది. నేను ఉత్త నీళ్ళు పోసిన రెండు గుంటలే తెల్లగా ఉంటాయి. ప్లేటు మీద ప్రతి వరసకీ అక్షరం అచ్చయి ఉంది, మొదటి వరస ఎ, చివరి వరస హెచ్. నేను సరిగ్గా పోసుంటే తెల్లవి హెచ్ చివర ఉండాలి. అక్కడే ఉంటే నేను చెప్పేదంతా అబద్ధం, పాత కాగితమే తీసుకోండి. ఎ చివర ఉంటే ప్లేటు తిరగబడింది."

"మీరు పొద్దున చూశారా?"

"తలుపు కూడా తియ్యలేదు. యంత్రం ఎప్పుడు తెరిచారో దాంట్లోనే నమోదవుతుంది, చూడండి."

ఆయన చూశాడు. చివరిసారి సోమవారం తెరిచినట్టు ఉంది. పిన్ని మీట నొక్కింది. యంత్రం నాలుక చాపినట్టు సొరుగు బయటికి తోసింది. అంతసేపూ ఇంత ధైర్యంగా మాట్లాడిన మనిషి అప్పుడు చూడలేక కిటికీ వైపు తిరిగింది. తను అనుకున్నదే తప్పైతే? మామయ్య మందుల పెట్టె చూసి బుర్ర తిరిగి, ఉన్న జవాబులు కాస్తా పాడు చేసుకుంటుంటే?

కవరాయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి ప్లేటు మీదికి వంగాడు. చిన్న అక్షరాలు, తొందరగా కనబడలేదు. వేలితో గుంటలు తాకకుండా గాల్లోనే లెక్కపెట్టుకున్నాడు.

"తెల్లవి రెండున్నాయి," అన్నాడు. "ఎ పక్కన."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. పిన్ని కిటికీ ఊచ వదిలిపెట్టింది. వేళ్ళు నొప్పెడుతున్నాయని అప్పుడు తెలిసింది.

కవరాయన తొందరపడే రకం కాదు. పాత జవాబుల కాగితం మీద రద్దు అని రాయించి ఇద్దరి సంతకాలూ తీసుకున్నాడు. జరిగింది జరిగినట్టు ఒక పేజీ రాయించాడు. కంప్యూటర్లో అంకెలు అలాగే ఉంచి, మనుషుల వరస మాత్రం తిప్పమన్నాడు. కంప్యూటరు లెక్కలోకి తీసుకోని రెండు గుంటల గీతలూ అప్పుడు బయటపడ్డాయి. అవే అసలు ఒకటో నంబరు మనిషివి, రెండూ కొండెక్కినట్టు పైకి లేచి ఉన్నాయి. కొత్త కాగితం చేతికొచ్చాకే ఆయన లక్కముద్ర విరిచాడు. అప్పటికి పదకొండుంబావు.

ఒక్కో నంబరూ చదువుతూ టిక్కు పెట్టుకుంటూ పోయాడు. పన్నెండు దాకా అన్నీ సరే. పదమూడు సరే. పందొమ్మిదో నంబరు దగ్గర పెన్ను ఆగింది. అడ్డగీత పెట్టాడు. డాక్టరమ్మ కళ్ళు మూసుకుంది. ముప్ఫై నాలుగు దగ్గర ఇంకో అడ్డగీత. ముప్ఫై తొమ్మిదికి టిక్కు పెట్టి పెన్ను మూత పెట్టాడు.

"రెండు తప్పులు. ఇద్దరికీ జబ్బు లేదని మా దగ్గర రాసుంది. మీరు ఉందంటున్నారు."

"మా పరీక్ష పొరపాటు పడి ఉండొచ్చు," అంది డాక్టరమ్మ.

"ఉండొచ్చు. మా డాక్టర్లకి ఇంకా కనబడకపోయీ ఉండొచ్చు. అయిదేళ్ళు చూస్తే కానీ తెలీదు. చూడ్డానికే కదా మేం డబ్బిచ్చేది." ఆయన రద్దయిన పాత కాగితం కూడా సరదాకి సరిచూశాడు. పందొమ్మిది తప్పులు. దాన్ని మడిచి సంచీలో పెట్టుకుంటూ, "ఇప్పుడు టీ ఇస్తే తాగుతానమ్మా," అన్నాడు.

పిన్ని టీ పెట్టడానికి వెళ్ళి, గిన్నె ముందు నిలబడి ఏడ్చింది. బాధతో కాదు. గుండెల మీది బండ దిగాక ఆ చోటు ఖాళీగా తోస్తుంది, అందుకు. టీలో పంచదార రెండుసార్లు వేసింది. ముగ్గురూ అలాగే తాగారు. డాక్టరమ్మ మార్కరు పెన్ను తెచ్చి, కొత్త ప్లేట్ల డబ్బా మీద ఇంతలేసి అక్షరాలతో మూల చూడకండి, అక్షరం చూడండి అని రాసింది. కింద పిన్ని ఉవాచ అని చేర్చింది. ఇక మీదట నెల్లాళ్ళు చెప్పుకోవడం తక్కినవాళ్ళ వంతు. చెప్పుకోనీ అనుకుంది పిన్ని.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మామయ్య వీధి తలుపు తీసుకుని కూర్చునున్నాడు.

"పాసయ్యామా?"

"అయ్యాం."

"నువ్వా, మీ డాక్టరమ్మా?"

"అందరం. నువ్వూ. నీ మందుల పెట్టె లేకపోతే ఇవాళ మునిగిపోయేవాళ్ళం." పక్కన కూర్చుని అంతా చెప్పింది, బస్సులో వచ్చిన ఆలోచనతో సహా. బస్సు నడిపేటప్పుడు నాకూ చాలా వచ్చేవిలే అన్నట్టు ఆయన తలూపాడు.

"అయితే ఇప్పట్నించీ నేను కూడా సోమవారం నుంచే మొదలెట్టనా?"

"ఇప్పుడొద్దు. రేపటి శనివారం గడి మంగళవారమే తినేశావు. ఈ వారానికి నీ పద్ధతే కానివ్వు."

మామయ్య నవ్వాడు. కుడిచెయ్యి మోకాలి మీద ఆడుతోంది. దాని మీద ఎడమచెయ్యి వేసుకున్నాడు.

"డబ్బు ఎన్నాళ్ళకిచ్చారు?"

"అయిదేళ్ళకి."

"ఏడాదికో సూది. అంటే ఇంకో అయిదు సూదులు."

"అవును. మధ్యలో మానేస్తే లెక్క చెడిపోతుంది. మొదట్లోనే సంతకం పెట్టావు."

"అయిదేళ్ళూ నేనుండాలన్నమాట."

"ఉండాలి."

ఆయన సణుగుతాడని పిన్ని ఎదురుచూసింది. సణగలేదు. కాళ్ళు ముందుకి చాపి, అరిగిన చెప్పులవైపు మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు. ఒక కాలితో రెండోదాన్ని తోసి, విప్పి పక్కన పెట్టాడు.

"ఆదివారం దాకా ఎందుకు, రేపే వెళ్దాం," అన్నాడు. "గట్టివి చూడు."